కంటికి కోట, చెవికి క్రమ్‌హార్న్

1967 జనవరిలో బీబీసీ టూ 'ది ఫోర్సైట్ సాగా' మొదలుపెట్టింది. జాన్ గాల్స్‌వర్దీ నవలల ఆధారంగా తీసిన 26 భాగాల సీరియల్. అంతా నలుపు తెలుపే. విక్టోరియా రాణి కాలం నుంచి 1920ల దాకా లండన్‌లో ఆస్తుల మీదే ప్రాణం పెట్టుకుని బతికిన ఒక కుటుంబం కథ. మరుసటి ఏడాది బీబీసీ వన్‌లో ఆదివారం రాత్రుళ్లు మళ్లీ వేసినప్పుడు దాని కోసం చర్చిల్లో సాయంత్రం ప్రార్థన వేళలు కూడా మార్చుకున్నారు. ఇంగ్లండ్‌లో పీరియడ్ డ్రామా మీద జనానికున్న మోజు గురించి రాసేవాళ్లు ఆ ముచ్చట వదలరు. అంతగా రాయని సంగతి ఇంకోటుంది. ఆ సీరియల్ టైటిల్స్ మీద వచ్చే బాణీ ఎరిక్ కోట్స్ 1944లో రాసిన 'త్రీ ఎలిజబెత్స్' అనే వాద్యకృతిలోది. పదహారో శతాబ్దపు మొదటి ఎలిజబెత్ రాణిని తలచుకుంటూ, రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా కట్టిన బాణీని తెచ్చి పంతొమ్మిదో శతాబ్దపు లాయర్ల, ఇళ్ల యజమానుల కథకు తొడిగారు. గౌను కుచ్చిళ్లు ఏ ఏడాది ఫ్యాషనో సరిచూసుకునే కళలో చెవికి ఆ లెక్క లేకపోయింది.

ఇప్పటికీ పెద్దగా లేదు.

ఇంగ్లీషు పీరియడ్ డ్రామా అనగానే ముందు ఇళ్లే గుర్తొస్తాయి. 1981 నాటి 'బ్రైడ్స్‌హెడ్ రీవిజిటెడ్' అంటే యార్క్‌షైర్‌లోని కాసిల్ హోవర్డ్. 1995 నాటి 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అంటే చెషైర్‌లోని లైమ్ పార్క్. 'డౌన్టన్ ఆబీ' అంటే హైక్లియర్ కోట. 2015లో 'వుల్ఫ్ హాల్' వస్తే రాత్రి దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులో ఎలా తీశారన్నదే చర్చ. ఈ శ్రద్ధను తక్కువ చేయాల్సిన పని లేదు. కానీ ఒక కాలం నిజంగా మన ముందుకు రావడం, రాకపోవడం అనేది కంటి కంటే చెవి మీదే ఎక్కువ ఆధారపడి ఉందని ఈ కాలమ్ గట్టిగా నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఆధారాలు టెలివిజన్‌లో సగమే దొరుకుతాయి. మిగతా సగం అదే రోజుల్లో వచ్చిన రాక్, జానపద ఆల్బమ్‌లలో ఉన్నాయి. పైగా ఆ రెండు చోట్లా పనిచేసిన మనుషుల్లో కొందరు వాళ్లే.

1970 జనవరి 1న బీబీసీ టూలో 'ది సిక్స్ వైవ్స్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' మొదలైంది. ఎనిమిదో హెన్రీగా కీత్ మిచెల్. ఒక్కో రాణికి ఒక్కో నాటకం చొప్పున గంటన్నర నిడివిగల ఆరు నాటకాలు. మరుసటి ఏడాది గ్లెండా జాక్సన్‌తో 'ఎలిజబెత్ ఆర్' వచ్చింది. రెండూ చాలావరకు స్టూడియో గోడల మధ్య తీసినవే. ఇప్పుడు చూస్తే రాతిగోడ అట్టదని తెలిసిపోతుంది. అయినా ఆ కాలం కళ్ల ముందు నిలబడుతుంది. అందులో సగం గొప్ప నటులది. మిగతా సగం డేవిడ్ మన్రో అనే యువకుడిది. ఆ రెండు సీరియళ్లకూ సంగీతం ఆయనదే.

మన్రో 1942లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో చేరకముందు పెరూ దేశంలో పాఠాలు చెప్పడానికి వెళ్లి, అక్కడి జనం ఊదే పిల్లనగ్రోవులను వెంట తెచ్చుకున్నాడు. కేంబ్రిడ్జిలో ఒక మిత్రుడి గది గోడకు వేలాడుతున్న క్రమ్‌హార్న్ ఆయన కంటపడింది. ఇంగ్లీషు సాహిత్యం చదవడానికి వెళ్లిన కుర్రాడు అక్కడి నుంచి పాత వాద్యాల వెంట పడ్డాడు. 1967లో ఎర్లీ మ్యూజిక్ కన్సార్ట్ పెట్టాడు. బీబీసీ రేడియో 3లో పిల్లల కోసం 'పైడ్ పైపర్' కార్యక్రమం 655 భాగాలు నడిపాడు. 1976లో 33 ఏళ్లకే చనిపోయాడు. మరుసటి ఏడాది వాయేజర్ వ్యోమనౌకలతో అంతరిక్షంలోకి వెళ్లిన బంగారు రికార్డులో ఆయన బృందం వాయించిన ఆంథొనీ హోల్బోర్న్ నాట్యబాణీ ఒకటుంది.

క్రమ్‌హార్న్ గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కింది కొస కొక్కెంలా పైకి వంగిన కర్ర గొట్టం అది. సన్నాయిలాగే దీనికీ జంట పీక ఉంటుంది. సన్నాయి విద్వాంసుడు ఆ పీకను పెదాల మధ్య పెట్టుకుని ఊదుతాడు. పెదాల బిగువు మార్చి స్వరాన్ని వంచుతాడు, గమకం పలికిస్తాడు. క్రమ్‌హార్న్‌లో పీక మీద చెక్క మూత ఉంటుంది. మూతకున్న సందులోంచి ఊదాలి. పెదవి పీకను తాకదు. ఊపిరి కాస్త తగ్గితే శ్రుతి జారుతుంది, పెరిగితే ఎక్కిపోతుంది. అందుకని మొదటి నుంచి చివరి దాకా ఒకే బలంతో ఊదాల్సిందే. పలికే స్వరాలు తొమ్మిదికి అటూ ఇటూ. మెల్లగా మొదలై పెద్దదవడం, పెద్దగా ఉండి సన్నగిల్లడం దానికి చేతకాదు.

సీరియల్‌కు ఈ చేతకానితనమే పెద్ద వరమైంది. వయొలిన్ల బృందం నటి కన్నీళ్లతో పాటు పొంగగలదు. ఇక్కడ బాధపడండి, ఇక్కడ భయపడండి అని చూసేవాళ్లకు ముందే చెప్పగలదు. క్రమ్‌హార్న్‌కు ఆ విద్య రాదు. కొత్త రాణి వచ్చినా, పాత రాణి తలకు గండం వచ్చినా రాజుగారి నాట్యశాలలో అది అదే బలంతో, అదే బుర్రుమనే గొంతుతో మోగుతుంది. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో దానికి పట్టదు. అలా పట్టనితనంతో మోగే వాద్యం పక్కన మనుషుల భయం రెండింతలై కనిపిస్తుంది. ఏడవాలో వద్దో చూసేవాళ్లే తేల్చుకోవాలి. అట్టగోడలను రాతిగోడలుగా నమ్మించిన శబ్దం అదే.

సరిగ్గా అదే సమయంలో మన్రో ఇంకో పని కూడా చేశాడు. సస్సెక్స్ గాయని షర్లీ కాలిన్స్, ఆమె అక్క డాలీ కలిసి 1969లో 'ఆంథెమ్స్ ఇన్ ఈడెన్' ఆల్బమ్ తెచ్చారు. విడుదల చేసింది ఈఎంఐ వారి హార్వెస్ట్ లేబుల్. పింక్ ఫ్లాయిడ్, డీప్ పర్పుల్ లాంటి రాక్ బృందాల రికార్డులు వచ్చిన లేబుల్ అది. రికార్డు మొదటి వైపంతా ఆగకుండా సాగే ఒకే పాటల కథ. పల్లెలో ఒక జంట కలుస్తుంది, ప్రేమించుకుంటుంది, యుద్ధం వస్తుంది, అబ్బాయి వెళ్లిపోతాడు. ఆ యుద్ధం 1914 నాటిది. పాటలు అంతకన్నా పాతవి. వెనక మన్రో బృందం వాయించే వాద్యాలు ఇంకా పాతవి, క్రమ్‌హార్న్‌లు, వయల్స్ అనే తీగవాద్యాలు, శాక్‌బట్‌లు అనే బాకాలు. డాలీ వాయించేది చిన్న పైప్ ఆర్గన్. ఇంగ్లండ్‌లో జానపద పాటలు ఏరినవాళ్లలో ప్రముఖుడు సెసిల్ షార్ప్ 1903లో సోమర్‌సెట్‌లో ఒక తోటమాలి నోట మొదటి పాట రాసుకున్నాడు. ఆ తర్వాత పదకొండేళ్లకే మొదటి ప్రపంచయుద్ధం. పాటలు సేకరించిన స్వరకర్త జార్జ్ బటర్‌వర్త్ 1916లో సోమ్ యుద్ధంలోనే చనిపోయాడు. పాడే మనుషులు ఆ తరంలో ఎలా తరిగిపోయారో షర్లీ గొంతు ఎక్కడా వణకకుండా చెబుతుంది. ఆ యుద్ధం మీద వచ్చిన సీరియళ్లు చాలానే ఉన్నాయి. ఈ ఆల్బమ్ ఒక్క వైపు చెప్పినంత వాటిలో ఏదీ చెప్పలేదన్నది ఈ కాలమ్ అభిప్రాయం.

అదే 1969లో కింక్స్ అనే రాక్ బృందానికి గ్రెనడా టెలివిజన్ నుంచి పిలుపొచ్చింది. ఒక టీవీ నాటకం రాయమన్నారు. పాటలు రే డేవీస్‌వి. కథలో భాగస్వామి నవలా రచయిత జూలియన్ మిచెల్. డేవీస్ అక్కాబావలు అంతకు అయిదేళ్ల ముందు ఆస్ట్రేలియాకు వలస వెళ్లారు. ఆ బావను దృష్టిలో పెట్టుకుని ఆర్థర్ అనే పాత్రను అల్లారు. ఇళ్లలో తివాచీలు పరిచే పనివాడు. సామ్రాజ్యాన్ని నమ్మాడు, యుద్ధాలను నమ్మాడు, చివరికి ఊరి శివార్లలో ఒక చిన్న ఇల్లు మిగిలింది. చిత్రీకరణకు డబ్బు సమకూరక నాటకం ఆగిపోయింది. ఆల్బమ్ మాత్రం అక్టోబరులో బయటికొచ్చింది. పేరు 'ఆర్థర్, లేదా బ్రిటిష్ సామ్రాజ్య క్షీణత, పతనం'. మొదటి పాట విక్టోరియా రాణి మీద. ఆమె ఏలిన దేశాల వరసలో ఇండియా పేరు కూడా వస్తుంది. పాట హుషారుగా, గిటార్ల మోతతో పరుగెడుతుంది.  పాలించిన వాళ్లను తలచుకుని పాలితుడు ఎంత నిజంగా మురిసిపోయాడో ఆ హుషారులోనే తెలుస్తుంది. అది తెలిసినవాళ్లకు తర్వాతి పాటల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి కనిపించినప్పుడు గుండె పట్టేస్తుంది.

గ్రెనడా సంస్థే తర్వాత 'బ్రైడ్స్‌హెడ్' తీసింది, 1984లో భారతదేశం నేపథ్యంగా 'ది జువెల్ ఇన్ ద క్రౌన్' తీసింది. రెండూ గొప్పవే. కానీ సామ్రాజ్యాన్ని తివాచీ పనివాడి ఇంట్లోంచి చూసే అవకాశం వాటికంటే ఎంతో ముందే వచ్చి చేజారింది. ఇంగ్లీషు టెలివిజన్ పోగొట్టుకున్న వాటిలో ఇంతకన్నా పెద్దది ఇంకోటి లేదు. జూలియన్ మిచెల్ విషయానికొస్తే, 1971లో 'ఎలిజబెత్ ఆర్' మూడో నాటకం రాసింది ఆయనే. కింక్స్‌తో కూర్చున్న రచయిత మాటలు, షర్లీ కాలిన్స్‌తో వాయించిన మన్రో సంగీతం ఒకే నాటకంలో కలిశాయి. రాక్ ఒక లోకం, రాజమందిరాల సీరియల్ ఇంకో లోకం అనుకునేవాళ్లకు ఈ ఒక్క నాటకం చాలు.

మళ్లీ 1969కి వస్తే, ఆ డిసెంబరులో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం ఆల్బమ్ 'లీజ్ అండ్ లీఫ్' విడుదలైంది. అంతకు ముందు మే నెలలో కచేరీ ముగించుకుని వస్తుండగా ఎం1 హైవే మీద వాళ్ల వ్యాన్ బోల్తా పడింది. 19 ఏళ్ల డ్రమ్మర్ మార్టిన్ లాంబుల్ చనిపోయాడు. గిటారిస్ట్ రిచర్డ్ థాంప్సన్ స్నేహితురాలు జీనీ ఫ్రాంక్లిన్ కూడా చనిపోయింది. అప్పటిదాకా పాడిన తమ పాటలు ఇక పాడబుద్ధి కాలేదు. హాంప్‌షైర్‌లోని ఫార్లీ చేంబర్లేన్ పల్లెలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఆ వేసవంతా సాధన చేశారు. బేస్ గిటార్ వాయించే ఆష్లీ హచింగ్స్ లండన్‌లోని సెసిల్ షార్ప్ హౌస్ గ్రంథాలయంలో కథాగేయాలు వెతికి తెచ్చేవాడు. డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలుతో చేరాడు. కొత్త డ్రమ్మర్ డేవ్ మాటక్స్ డ్యాన్స్ బ్యాండ్ల నుంచి వచ్చినవాడు. పాడింది శాండీ డెనీ.

అందులోని 'మాటీ గ్రోవ్స్' పదిహేడో శతాబ్దానికే ప్రచారంలో ఉన్న కథాగేయం. పండుగ రోజు చర్చికి వచ్చిన దొరసాని మాటీ అనే కుర్రాడిని ఇంటికి రమ్మంటుంది. దొర ఊళ్లో లేడు. పక్కనే ఉన్న బంటు విని, దొరకు చెప్పడానికి పరుగెత్తుతాడు, ఏరు అడ్డొస్తే ఈదుతాడు. తెల్లారేసరికి మంచం కాళ్ల దగ్గర దొర నిలబడి ఉంటాడు. కత్తియుద్ధంలో మాటీ చస్తాడు. ఇప్పుడెవరు నచ్చారని దొర అడిగితే చచ్చినవాడే నచ్చాడంటుంది దొరసాని. ఆమె కూడా పోతుంది. మేడ మీద యజమానులు, కింద నౌకర్లు, మధ్యలో ఒక రహస్యం. 'అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్' సీరియల్ 1971 నుంచి 68 భాగాల్లో నడిపిన సరంజామా అంతా ఇక్కడ ఎనిమిది నిమిషాల్లో ఉంది. డెనీ దాన్ని వార్త చెప్పినట్టు పాడుతుంది. హత్య దగ్గర గొంతు పెంచదు, జాలి దగ్గర తగ్గించదు. ఒకే బాణీ చరణం తర్వాత చరణం తిరిగి తిరిగి వస్తుంటే వెనక మాటక్స్ డ్రమ్ములు మాత్రం బిగుసుకుంటూ పోతాయి. కథ అయిపోయాక మాటలు ఆగి, ఫిడేలూ గిటారూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. కరెంటు గిటార్లు, డ్రమ్ములు ఆ కాలంలో లేవన్నది ఎవరికైనా తెలుసు. వాళ్లు దాచలేదు కూడా. మూడు వందల ఏళ్ల నాటి హత్య పొద్దున్నే జరిగినట్టు వినిపించడానికి కారణం ఆ దాచకపోవడమే.

ఈ దారిలో నడిచినవాళ్లు చివరికి టెలివిజన్‌లోకి రానే వచ్చారు. ఫెయిర్‌పోర్ట్ వదిలేసిన హచింగ్స్ ఆల్బియన్ బ్యాండ్ నడిపాడు. 1978లో నేషనల్ థియేటర్‌లోని కాటెస్లో హాలులో కీత్ డ్యూహర్స్ట్ నాటకం 'లార్క్ రైజ్'కు ఆ బ్యాండే వాయించింది. ప్రేక్షకులు నటుల మధ్యే నిలబడి చూశారు. ఫ్లోరా థాంప్సన్ రాసిన మూల పుస్తకంలో కూలీలు సాయంత్రం సారాయి అంగట్లో చేరి, అర గ్లాసు బీరు ముందు పెట్టుకుని పాటలు పాడుకునే ఒక అధ్యాయం ఉంది. నాటకం ఆ పాటలను వెన్నెముకగా పెట్టుకుంది. బీబీసీ 2008 నుంచి 2011 దాకా అదే పుస్తకాన్ని సీరియల్‌గా తీసింది. అది పోస్టాఫీసు చుట్టూ, ప్రేమల చుట్టూ అందంగా తిరిగింది. కూలీల పాట పక్కకు జరిగింది, దాంతో పాటే ఆకలి కూడా.

ఆల్బియన్ బ్యాండ్‌లో పాడిన జాన్ టామ్స్ దారి వేరు. నెపోలియన్ యుద్ధాల మీద ఐటీవీ 1993లో మొదలుపెట్టిన 'షార్ప్' చిత్రాల్లో ఆయన రైఫిల్‌మన్ హ్యాగ్‌మన్ వేషం వేశాడు. సంగీతంలోనూ చెయ్యి వేశాడు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోనే నాటకరంగం మీద వినిపించిన సైనిక భర్తీ పాటకు కొత్త చరణాలు రాసి పాడాడు. చలిమంట దగ్గర తుపాకీ తుడుచుకుంటున్న సిపాయే పాట అందుకుంటే ఇక నేపథ్య సంగీతం వేరే అక్కర్లేదు.

రెండు దారులూ నిజాయితీ గలవే. మన్రోలా ఆ కాలపు వాద్యాన్ని పట్టుకోవచ్చు. ఫెయిర్‌పోర్ట్‌లా ఇవాళ్టి వాద్యంతో ధైర్యంగా దిగిపోవచ్చు. 1973లో రిక్ వేక్‌మన్ హెన్రీ ఆరుగురు రాణుల మీద చేసిన ఆల్బమ్‌లో మూగ్ సింథసైజర్లు మోగుతాయి. ట్యూడర్ సంగీతం వినిపిస్తానని ఆయన ఎవరికీ మాటివ్వలేదు. రాణుల స్వభావాలు తన మీటల మీద ఎలా పలికాయో అదే వినిపించాడు. చిక్కంతా మధ్య దారితోనే. ఏ కాలానిదీ కాని మెత్తటి పియానో, దాని కింద పరుచుకునే తీగవాద్యాలు, ప్రతి ఉత్తరం విప్పగానే ఒక నిట్టూర్పు. బట్టలు మార్చి 1810లో పెట్టినా 1910లో పెట్టినా ఆ సంగీతం ఇమిడిపోతుంది. అలా ఇమిడిపోవడమే దాని తప్పు.

'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో కార్ల్ డేవిస్ ఆ తప్పు చేయలేదు. మెల్విన్ టాన్ చేత ఫోర్టెపియానో వాయింపజేశాడు. నేటి పియానో కన్నా తేలికైన చెక్క చట్రం, పొడిగా టకటకమనే స్వరం, తొందరగా ఆరిపోయే నాదం. ఆ కథలో పియానో వాయించడం పెళ్లి చూపుల్లో ఒక అర్హత. వాద్యం గొంతు ఆ గది కొలతకు సరిపోయింది కనుకే ఆ అమ్మాయిల లోకం ఎంత ఇరుకో చెవికి తెలుస్తుంది. 'బ్రైడ్స్‌హెడ్' లెక్క వేరని ఒప్పుకోవాలి. జెఫ్రీ బర్గన్ సంగీతం 1920లది కాదు, పాత వాద్యాలదీ కాదు. కానీ అది యుద్ధకాలంలో ఒక సైనికాధికారి నెమరేసుకుంటున్న యవ్వనం. సంగీతం ఆయన జ్ఞాపకానికి చెందింది కాబట్టి నిలబడింది.

ఇటీవలి కాలంలో ధైర్యం మళ్లీ కనిపిస్తోంది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన బర్మింగ్‌హామ్ కుర్రాళ్ల కథ 'పీకీ బ్లైండర్స్' 2013లో నిక్ కేవ్ పాడిన 1994 నాటి పాటతో మొదలైంది. రెండో సిరీస్‌లో పీజే హార్వే గొంతు వచ్చింది. ఆ గొంతు రావడం ఊరికే కాదు. 2011లో మెర్క్యురీ ప్రైజ్ గెలిచిన ఆమె ఆల్బమ్ 'లెట్ ఇంగ్లండ్ షేక్' అదే యుద్ధం మీద, గలిపొలిలో చచ్చిపోయిన సిపాయిల మీద. డోర్సెట్‌లోని ఒక పాత చర్చిలో రికార్డు చేసింది. కందకాల్లోంచి ప్రాణాలతో వచ్చినా లోపల యుద్ధం ఆగని మనుషులకు ఫ్యాక్టరీ పొగ మధ్య ఆ కరకు గిటార్లు అతికినట్టు సరిపోయాయి. 2019లో 'జెంటిల్‌మన్ జాక్' మరీ ముచ్చటైన పని చేసింది. హాలిఫాక్స్ దగ్గర షిబ్డెన్ హాల్‌లో బతికిన ఆన్ లిస్టర్ మీద యార్క్‌షైర్ జానపద ద్వయం ఒహూలీ అండ్ టైడో 2012లోనే ఒక పాట చేశారు. శాలీ వెయిన్‌రైట్ ఆ పాటనే తెచ్చి ప్రతి భాగం చివర పెట్టింది. ఆ నేల మీద పుట్టిన కథ, ఆ చుట్టుపక్కల యాసలో పాట. రెండూ ఒకే ఊరి మాట మాట్లాడుతున్నట్టుంటుంది.

ఇవన్నీ ఒక వరసలో వినాలనుకునేవారు 'ఆంథెమ్స్ ఇన్ ఈడెన్' మొదటి వైపుతో మొదలుపెట్టడం మంచిది. మధ్యలో ఆపకూడదు. తర్వాత 'ఆర్థర్' మొత్తం, ఆ తర్వాత 'మాటీ గ్రోవ్స్'. అప్పుడు 'ఎలిజబెత్ ఆర్' మూడో నాటకం పెట్టుకోవాలి. నడివయసు రాణికి ఫ్రెంచి రాకుమారుడితో పెళ్లి మాటలు నడిచే నాటకం అది. గ్లెండా జాక్సన్ మొహం మీంచి చూపు తిప్పుకోవడం కష్టమే. అయినా ఒకసారి వెనక మోగుతున్న వాద్యాల కోసమే మొదటి నుంచి చివరి దాకా చూడాలి.